నాలుగేళ్లు చెంబు పట్టుకున్నాను

మా తోడికోడలంటే నాకు కడుపుమంట. ఈ ముక్క ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నానుగానీ, నోటితో అనడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ ఎవరడిగినా "మాకేమి, అక్కాచెల్లెళ్ల మాదిరి ఉంటాం" అని పళ్లికిలించేదాన్ని.

మంటకు కారణం చీరలు కావు, నగలు కావు, వంటింటి పెత్తనం కూడా కాదు. ఒక పీట. జానెడు ఎత్తు, మూరెడు పొడవు ఉండే పనస చెక్క పీట. దాని మీద కూర్చునే హక్కు నాది అనుకున్నాను. దాని మీద ఆమె కూర్చుంది.

మాది తిరుత్తణిలో నేతవాళ్ల ఇల్లు. ముందు వసారాలో నేలలోకి తవ్విన గుంతల్లో రెండు మగ్గాలు. ఒకదాంట్లో మా ఆయన, ఇంకోదాంట్లో మా మరిది కాళ్లు దింపుకుని నేసేవాళ్లు. పొద్దున మొదలైతే సాయంత్రం దాకా టకటక. ఆదివారం, మంగళవారం పొద్దుటిపూట మాత్రం రెండు మగ్గాలూ ఆగేవి. ఆ రెండు పూటలూ ఇల్లు మా అత్తది. ఆమె బెదురు తీసేది.

నిద్రలో ఉలిక్కిపడి లేచి ఏడ్చే పిల్లలు, పాము కనబడినప్పటి నుంచి అన్నం సహించని ఆడవాళ్లు, తమ్ముడు పోయాక చేను వైపు వెళ్లలేని రైతులు, ఇలాంటి వాళ్లంతా వచ్చేవాళ్లు. అత్త పీట మీద, వచ్చినవాళ్లు ఎదురుగా చాప మీద కూర్చునేవాళ్లు. "ఏం జరిగినాదో చెప్పు నాయనా" అని ఒక్కసారి అడిగి ఊరుకునేది. వాళ్లు చెప్పేదాకా అలాగే కూర్చునేది. ఒక్కోసారి అర్ధగంట. చెప్పడం అయ్యాక వేపమండతో తల నుంచి పాదాల దాకా మూడుసార్లు దిగదుడిచి, పక్కన ఒకరు పట్టుకున్న నీళ్ల చెంబులో ఆ మండను విదిలించేది. ఆ నీళ్లు తీసుకెళ్లి ఎవరూ తొక్కని చోట పోయాలి. మూడు పూటలు ఇలా చేస్తే చాలామందికి కుదుటపడేది. డబ్బు ముట్టేది కాదు. చెంబు పట్టుకున్న ఆ పక్క మనిషిని నేను.

ఆంధ్ర రాష్ట్రం విడిగా ఏర్పడిన ఏడాదే నా పెళ్లయింది. పుట్టిల్లు తిరువళ్లూరు పక్కన పాండూరు, అది మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. అత్తిల్లు చిత్తూరు జిల్లాతో పాటు ఆంధ్రకు వచ్చింది. కనకమ్మ సత్రం అనే ఊరి మీదుగా వెళ్లే బస్సెక్కితే ఒక పూట ప్రయాణం. మా అమ్మ మాత్రం బిడ్డను పరాయి దేశానికి ఇచ్చుకున్నానని వారం రోజులు ఏడ్చిందట.

కాపరానికి వచ్చిన నాలుగో నెలలో అత్త నా చేతికి చెంబు ఇచ్చింది. నేను పొంగిపోయాను. ఆమెకు ఆడపిల్లలు లేరు. పెద్దకోడలిని నేను. ఇవాళ చెంబు, రేపు పీట అని లెక్క వేసుకున్నాను. ఏ మండ ఎక్కడ తెంపాలో, పసిపిల్లలకు ఎంత మెల్లగా దిగదుడవాలో, ఏడ్చేవాళ్లకు చెంగు ఎప్పుడు అందించాలో, ఎప్పుడు అందించకూడదో కూడా కళ్లతోనే నేర్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి అత్త కంటే నేనే బాగా చేస్తాననిపించేది. అలా అనిపించడంలో నాకు తప్పేమీ కనబడలేదు.

రెండు సంగతులు మాత్రం అంతుబట్టలేదు. ఒకటి, అత్త మంత్రం. ఆ రెండు రోజులూ తెల్లవారుతుండగానే ఆమె తలకు పోసుకుని, మగ్గం గుంత అంచున గోడవైపు తిరిగి కూర్చునేది. పెదాలు కదిలేవి, మాట వినబడేది కాదు. దగ్గరికి వెళ్తే ఆపేసేది. ఊడుస్తున్నట్టు, తుడుస్తున్నట్టు నటించి ఎన్ని విధాల ప్రయత్నించినా ఒక్క ముక్క చెవిన పడలేదు.

రెండోది, ఆ ప్రశ్న. జనం రాకముందు అత్త నన్ను ఎదురుగా నిలబెట్టి అడిగేది.

"పెద్దదానా, నీ కడుపులో ఏముండాది?"

పరాయివాళ్ల బెదురు తీసే ఇంట్లో మొదట మన కడుపు చూసుకోవాలన్నది ఆమె అత్తగారి కాలం నుంచీ ఉన్న కట్టుబాటు. నాకు అది బాగానే అర్థమైందనుకున్నాను. మడి కట్టుకున్న మనిషి మైల ఉందని చెబుతుందా? కాబట్టి ఒకటే జవాబు చెప్పేదాన్ని.

"ఏమీ లేదత్తా."

"అట్లయితే చెంబు పట్టుకో."

ముందురోజు మా ఆయనతో పళ్లెం విసిరేసేంత గొడవ పడినా "ఏమీ లేదత్తా". పుట్టింటి నుంచి ఉత్తరం రాలేదని దిండు తడిసినా "ఏమీ లేదత్తా". అత్త నా ముఖంలోకి కాసేపు చూసి, చెంబు చేతికిచ్చేది. ఎప్పుడో ఒకరోజు నా కడుపు నిజంగా శుభ్రమైందని ఆమెకు నమ్మకం కుదురుతుంది, అప్పుడు పీట ఇస్తుంది అనుకుని, ఆ మాటను రోజురోజుకూ ఇంకాస్త మెత్తగా, ఇంకాస్త భక్తిగా పలకడం సాధన చేశాను.

రెండేళ్లకు మా మరిది పెళ్లయింది. ఆర్.కె.పేట పిల్ల. పొట్టిది, ముందు పళ్లు ఎత్తు, నవ్వితే వీధి చివరికి వినబడేది. చారు పెట్టడం రాదు, నూలు కండెలకు చుట్టమంటే చిక్కు పెట్టేది. ఇది మనకు పోటీ ఏమిటిలే అని ధైర్యంగా ఉన్నాను. మూడు నెలలు ఓ మూల కూర్చుని చూసింది. ఒక మంగళవారం అత్త నన్ను అడిగాక ఆమె వైపు తిరిగింది.

"చిన్నదానా, నీ కడుపులో ఏముండాది?"

"నిన్న కోడికూరలో ముక్కలన్నీ అక్క బావకే ఏసేసినాదత్తా. నాకు పులుసే మిగిలినాది. అదే ఉండాది కడుపులో. ఇంకా పోలా" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటి గుట్టు అలా పీట ముందు పరిచేసినందుకు అత్త ఉతికి ఆరేస్తుందని ఎదురుచూశాను. అత్త పెదవి బిగించి నవ్వు ఆపుకుంది.

"అట్లయితే కూర్చో" అంది.

నేను చెంబుతో నిలబడే ఉన్నాను. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, పులుసు గురించి ఏడ్చిన పిల్ల, వెళ్లి పీట మీద కూర్చుంది. ఆ రోజు దిగదుడుస్తూ ఆమె మండను నా చెంబులో విదిలించినప్పుడు నీళ్లు నా ముఖం మీద చిందాయి. అవి తుడుచుకోవడానికి కూడా రెండు చేతులూ ఖాళీ లేవు.

అప్పటి నుంచి ప్రతివారం అదే వరస. నన్ను అడిగేది, ఏమీ లేదనేదాన్ని, చెంబు. ఆమెను అడిగేది, ఆమె ఏదో ఒకటి కక్కేది, పీట. "ఆయన నిన్న పలకరించలా, కోపంగా ఉండాది." "పక్కింటామె బిడ్డకు పాలిస్తా ఉంటే చూసి ఏడుపొచ్చినాది, నాకింకా నిలవలేదు కదా." సిగ్గులేని మనిషి అనుకునేదాన్ని. ఇంత చెత్త కడుపులో పెట్టుకున్నదానికి పీట ఎలా ఇస్తారు? ఆలోచించి ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. అత్త ఆ మంత్రాన్ని చాటుగా చిన్నదానికి చెప్పేసింది. ఈ అడగడం, చెప్పడం అంతా నా కళ్లకు గంతలు కట్టడానికే.

ఆమె చేయి మంచిదని పేరు కూడా వచ్చింది. అదే నాకు పుండు మీద కారం. ఆమె ఎదుట కూర్చున్నవాళ్లు రెండు నిమిషాల్లో ఏడ్చేవాళ్లు. తమిళ ఆడవాళ్లు గడపలో నుంచే "చిన్నమ్మావే పాక్క సొల్లుంగ" అనేవాళ్లు, చిన్నమ్మనే చూడమనండి అని. ఆ మాట వాళ్లు చెప్పేది నాతోనే. లోపలికి వెళ్లి ఆమెను పిలవాల్సిందీ నేనే.

చేయకూడని పనులు చేశాను. ఆమె కోసం ఎవరైనా వస్తే "చిన్నది బయట ఉండాది, మూడు దినాలు పీటెక్కదు" అని చెప్పి అత్త దగ్గరికి పంపేసేదాన్ని. బయట చేరిన ఆడది ఆ పీటను తాకకూడదు, కాబట్టి ఎవరూ మారు మాట్లాడరు. ఇలా చాలాసార్లు జరిగాక ఒకరోజు నీళ్లు తోడుకుంటూ ఆమె నా చెవిలో అంది.

"ఏం అక్కా, నెలకు మూడుసార్లు బయట కూర్చోబెడతా ఉండావే నన్ను. ఇంక నాకు బిడ్డలు యాడ నుంచి వస్తారు?"

అని పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. తిట్టినా బాగుండేది. నేను నిండని బిందె ఎత్తుకుని వచ్చేశాను.

అప్పటికి ఊళ్లో గొడవలు ముదిరాయి. తిరుత్తణి ఎవరిది అన్నదే అందరి నోటా. తమిళులు మాదన్నారు, తెలుగువాళ్లు మాదన్నారు, రెండు భాషలూ కలిపి మాట్లాడే మాలాంటి వాళ్లకు ఏం అనాలో తోచేది కాదు. రాత్రికి రాత్రి బోర్డుల మీద తారు పూసేవాళ్లు. ఇవాళ తెలుగక్షరాలు పోతే రేపు తమిళక్షరాలు పోయేవి. అంగళ్లు మూయించేవాళ్లు. రైలు ఆపుతారట, బస్సు మీద రాళ్లు పడ్డాయట అని రోజుకో పుకారు. మూడేళ్ల తర్వాత మా ఊరు మద్రాసు రాష్ట్రంలో కలిశాకే అంతా సద్దుమణిగింది. అంతదాకా ఊరు ఊరంతా ఏదో ఒక శబ్దానికి ఉలిక్కిపడుతూనే ఉంది.

మా వసారా నిండిపోయేది. కనకమ్మ సత్రంలో టీ కొట్టు పెట్టుకున్న మనిషి ఒకడు వచ్చాడు. వాడి బోర్డు మీద రెండు భాషలూ ఉండేవి. రెండు భాషల వాళ్లూ కొట్టారు. గ్లాసు కింద పెట్టిన చప్పుడుకు కూడా వణికేవాడు. అత్త, చిన్నది వంతులేసుకుని కూర్చున్నా జనం తరిగేవాళ్లు కాదు. ఇంకో పీట వేయించి నన్నూ కూర్చోమంటుందని ఆశపడ్డాను. "ఏమీ లేదత్తా" అన్నాను, ఎప్పటికంటే మెత్తగా. "అట్లయితే చెంబు పట్టుకో" అంది అత్త.

అటువంటి రోజుల్లోనే, నేను కాపరానికి వచ్చిన నాలుగో ఏడు, మా తమ్ముడు మా ఇంటికి వచ్చాడు.

ఇరవై రెండేళ్లవాడు. పాండూరులో మా నాన్నతో పాటు మగ్గం నేసేవాడు. వాడికో ప్రాణస్నేహితుడు, పక్కింటివాడే. ఇద్దరూ మద్రాసులో ఒక బట్టల మిల్లుకు ఒకేసారి అర్జీ పెట్టుకున్నారు. పనిలో చేరమని ఉత్తరం స్నేహితుడికే వచ్చింది. అతను మా తిరుత్తణి కొండకు తల నీలాలు మొక్కుకుని ఉన్నాడు. చేరబోయే ముందు మొక్కు తీర్చుకోవడానికి వస్తూ మా తమ్ముణ్ణి తోడు తెచ్చుకున్నాడు. ఆ రోజు గొడవ జరుగుతుందని వాళ్లకేం తెలుసు? కొండ దిగి బజారు వీధిలోకి వచ్చేసరికి రెండు వైపుల నుంచీ రాళ్లు మొదలయ్యాయి. జనం పరుగులు పెట్టారు. స్నేహితుడు కింద పడ్డాడు, అతని మీదుగా జనం పరిగెత్తారు. కాలు రెండు చోట్ల విరిగింది. ఎవరో బండిలో ఆసుపత్రికి చేర్చారు.

మా తమ్ముడు సాయంత్రానికి చెప్పుల్లేకుండా మా గడప ఎక్కాడు. ఒంటి మీద చిన్న గీత లేదు. కూర్చోమంటే కూర్చున్నాడు, నీళ్లిస్తే తాగాడు. నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడూ లేదు. మా అమ్మ తిరువళ్లూరు నుంచి బస్సు దిగి వాణ్ణి పట్టుకుని ఏడ్చినా "అమ్మా" అనలేదు.

"బెదిరినాడు. మంగళవారం కూర్చోబెడదాం" అంది అత్త.

నా తమ్ముడు. నేనే చేస్తానన్నాను. అత్త తల అడ్డంగా ఊపింది. తోడబుట్టినవాళ్లకు, కన్నవాళ్లకు మన చేయి పనికిరాదు, అదీ కట్టుబాటే. ఆమెకు అప్పుడు మోకాళ్ల వాపు, చాలాసేపు కూర్చోలేకపోతోంది. చిన్నదే కూర్చోవాలి. నేను చెంబు పట్టుకోవాలి.

మంగళవారం మొదటి పూట. చిన్నది ఎదురుగా కూర్చుని "ఏం జరిగినాదో చెప్పన్నా" అని మెల్లగా అడిగింది. వాడు చాప అంచు గిల్లుతూ కూర్చున్నాడు. గంట గడిచింది. దిగదుడిచింది. వాడు లేచి వెళ్లి పెరట్లో కూర్చున్నాడు. నేను నీళ్లు పారబోయడానికి వెళ్తూ ఆమె ముఖం చూశాను. పళ్లు కనబడలేదు. ఆమె నవ్వకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆదివారం రెండో పూట. వాడు నోరు తెరవలేదు. ఆమె చేతిలోంచి మండ జారింది. ఆ రోజు నేను వంటింట్లో కూనిరాగం తీశానని తర్వాత మా అమ్మ చెప్పింది, బిడ్డను అలా చూసి కూడా దీనికి పాటెలా వస్తోందని ఆమెకు కష్టమేసిందట.

సంబంధం లేని మనిషిని నేనేం కాదు. వాణ్ణి ఎత్తుకుని పెంచినదాన్ని. వాడికి అన్నం కలిపి పెడుతూ, తల నిమురుతూ, మనసులో మాత్రం వాడితో ఒకటే మాట అంటున్నాను. ఇంకొక్క పూట ఓర్చుకోరా. ఇంకొక్క పూట మాట్లాడకు. మూడు పూటల్లో తెరుచుకోకపోతే ఆ చేయి పనికిరాదన్నట్టే. ఊరంతా తెలుస్తుంది. ఆ తర్వాత ఎప్పుడైనా మాట్లాడుదువుగాని.

మళ్లీ మంగళవారం, మూడో పూట వచ్చింది. అత్త గోడ దగ్గర గొణుక్కోవడం ముగించి మా వైపు తిరిగింది. తమ్ముడు అప్పటికే చాప మీద ఉన్నాడు. ఆమె ఇంకా అడగనేలేదు, చిన్నది తనే మొదలుపెట్టింది.

"నాకు బయ్యంగా ఉండాదత్తా. అక్క తమ్ముడు. ఈ పొద్దు కూడా నోరు తెరవకపోతే ఇంక నేను పీటెక్కను. అక్కనే కూర్చోనీ. నాకంటే ముందొచ్చినాది, నాకంటే బాగా తెలుసును."

నాలుగేళ్లు నేను కోరుకున్న మాట అదే. వినగానే గుండెల్లో ఒక్కసారి సంతోషం ఎగిసింది. ఎంత ఎగిసిందంటే ముఖం మీదికి రాకుండా ఉండాలని తల వంచుకున్నాను. వంచుకున్నప్పుడు తమ్ముడి పాదాలు కనబడ్డాయి. చెప్పుల్లేకుండా ఆ రోజు పరిగెత్తిన పాదాలు, వేళ్ల చివర పుండ్లు ఇంకా మానలేదు. వారానికి పైగా అన్నం కలిపి పెట్టినదాన్ని, వాడి కాళ్లకు పసుపైనా రాయలేదు. చూడనేలేదు.

"పెద్దదానా, నీ కడుపులో ఏముండాది?" అంది అత్త.

అలవాటు కొద్దీ "ఏమీ" దాకా వచ్చాను. అక్కడ ఆగిపోయింది. చెంబు నేల మీద పెట్టాను.

"వీనికి మాట రాకూడదని ఉండాదత్తా" అన్నాను.

 ఇంక నా నోరు ఆగలేదు.

"దాని చేతి కింద వీడు మాట్లాడితే నాకు పీట దక్కదు. మొదటి పూట నుంచీ నేను కోరుకుంటా ఉండేది అదే. కడుపులో బిడ్డను మోసినట్టు వీణ్ణి మోసి పెంచినాను, వీడు మూగోడైనా సరే అనుకున్నాను. చిన్నదంటే నాకు కుళ్లు. దాని నవ్వంటే కుళ్లు, దాని చెయ్యంటే కుళ్లు. నాలుగేండ్లుగా ఏమీ లేదన్నానే, అంతా ఇదే ఉండాది."

చిన్నది మండను ఒడిలో పెట్టుకుని నా వైపే చూస్తోంది. అత్త నన్ను చూడటం లేదు. ఆమె తమ్ముణ్ణి చూస్తోంది. నేనూ చూశాను. వాడు చాప అంచు గిల్లడం ఆపాడు.

"అక్కా" అన్నాడు.

గొంతు బొంగురుపోయింది. 

"వాడు పడినప్పుడు నన్ను చూసి చెయ్యి చాపినాడు. నేను పట్టుకోలా."

 చిన్నది అలాగే కూర్చుంది. ఆమె ఏదైనా అడుగుతుందేమో అనుకున్నాను, అడగలేదు.

"జనం తోసేసినారని అందురూ అంటా ఉండారు. నన్నెవురూ తొయ్యలా. పట్టుకునేంత దగ్గరగానే ఉన్నా. వాడు పడినాడని నాకు సంతోషమైనాది అక్కా. ఇంక వాడు మిల్లుకు పోలేడు అనుకున్నా. అంతలోనే జనం వాని మీద పడినారు." చేతులతో ముఖం మూసుకున్నాడు. "నోరు తెరిస్తే మొదట ఈ మాటే వస్తాదని తెరవలా."

చిన్నది వాణ్ణి ఏడవనిచ్చింది. ఎంతసేపో తెలియదు. తర్వాత లేచి దిగదుడిచింది, నేను చెంబు ఎత్తి పట్టుకున్నాను. ఆ నీళ్లు పోయడానికి నాతో పాటు తనూ పెరటి గోడ దాకా వచ్చింది.  ఆ రోజు మా తమ్ముడు మూడు మార్లు అన్నం పెట్టించుకున్నాడు.

వాడు పాండూరు వెళ్లి స్నేహితుడికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడట. కట్లు మార్చే రోజుల్లో మా తమ్ముడు అతణ్ణి సైకిల్ మీద తిరువళ్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లి తెచ్చేవాడు. అలా నెలల తరబడి వెనక కూర్చుని వచ్చాడుగానీ ఒక్క మాట మాట్లాడలేదు. వీడు మాత్రం తొక్కినంత దూరం ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడట.

ఇక మా ఊళ్లో సంగతి. చిన్నమ్మ చేతి మహిమతో మూగవాడికి మాట వచ్చింది. బుధవారానికల్లా బజారంతా అదే కబురు. గురువారానికి కనకమ్మ సత్రం దాకా పాకింది. ఎక్కడెక్కడి వాళ్లో గడపలోకి వచ్చి చిన్నమ్మ ఎవరని నన్నే అడిగేవాళ్లు. "నేను కాదు, మా అక్క వల్లనే" అని ఆమె మొత్తుకునేది. చూశారా ఎంత అణకువో అని ఇంకా మెచ్చుకునేవాళ్లు. మనసులో ఉన్నది కక్కేస్తే మంట చల్లారుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ముందు ఎవరికీ తెలియకుండా మండేది, ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలిసి మండేది, అంతే తేడా.

శనివారం అత్త కాళ్లకు నూనె రాస్తూ ధైర్యం చేసి అడిగాను.

"ఆ మంత్రం చిన్నదానికి చెప్పినావు కదత్తా. నాకు చెప్పకపోయినా పరవాలేదు. చెప్పినానని ఒప్పుకో, చాలును."

"ఏం మంత్రమే?"

"పొద్దున్నే గోడకు చెప్తావే, అది."

అత్త నవ్వడం మొదలుపెట్టింది. మోకాళ్లు కదిలి నొప్పి పుట్టినా ఆపలేదు.

"అదా? పెద్దకోడలు చారులో ఉప్పు ఎక్కువేస్తాది, చెప్తే మూతి ముడుచుకుంటాది, దాని మొగం చూస్తేనే నాకు ఒళ్లు మంటగా ఉండాది అని చెప్పుకుంటా. చిన్నది పెద్దగా నవ్వితే తల నొప్పి అని చెప్పుకుంటా. మిమ్మల్ని అడగను నేనుండా. నన్ను అడిగేదానికి మా అత్త పోయి పదేండ్లాయె. ఇంకెవురికి చెప్పేది? గోడకు చెప్పుకుని పీటెక్కుతా."

నాలుగేళ్లు, వారానికి రెండుసార్లు, నా చారు గురించి గోడకు చెప్పుకుంది. ఆ మంత్రం కోసమే నేను ఊడ్చిన వసారానే మళ్లీ మళ్లీ ఊడ్చాను. ఏడవాలో నవ్వాలో తెలియక నూనె గిన్నె పక్కన పెట్టి లేచిపోయాను.

మర్నాడు ఆదివారం. వసారా బయట అప్పటికే ఏడెనిమిది మంది ఉన్నారు. అత్త గోడ దగ్గర నుంచి లేచి వచ్చింది. ఒకటే పీట. చెంబు నా చేతిలోనే ఉంది, అలవాటుగా నేనే నింపి తెచ్చుకున్నాను.

"పెద్దదానా, నీ కడుపులో ఏముండాది?"

"ఊరంతా చిన్నదే మాట తెప్పించినాదంటా ఉండారు" అన్నాను. "బయట నిలబడుకోనుండే వాళ్లంతా దానికోసరమే వచ్చినారు. నాకు ఒళ్లు మండిపోతా ఉండాదత్తా."

అత్త నా ముఖంలోకి చూసింది, నాలుగేళ్లుగా చూసినంతసేపే. రెండోదాని వైపు తిరిగింది.

"చిన్నదానా, నీ కడుపులో?"

చిన్నది చేతులు కట్టుకుని, తల కాస్త వంచి, అచ్చం నేను సాధన చేసిన గొంతుతో, అంత మెత్తగా, అంత భక్తిగా అంది.

"ఏమీ లేదత్తా."

పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆమె ఆ మాట అనడం అదే మొదలు.

"అట్లయితే చెంబు నువ్వు పట్టుకో" అని ఆమెతో అని, అత్త పీటను కాలితో నా వైపు జరిపింది. "నువ్వు కూర్చో."

చిన్నది వచ్చి నా చేతిలో చెంబు తీసుకుంది. ఆ రోజు పొద్దున్నే పక్కింటామె రెండో బిడ్డను చూసి వచ్చింది, కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఏమీ లేదట. ఆ అబద్ధం నేను నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అంత బాగా చెప్పలేదు. దానికి కూడా నాకు కుళ్లు పుట్టింది, ఆ కుళ్లుతోనే వెళ్లి కూర్చున్నాను.